వెనక తడిక లేని యాంటెన్నా

యాంటెన్నా కొనడానికి వచ్చిన ప్రతివాడూ ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత దూరం నుంచి లాగుతుంది?" ముప్పై ఏళ్ళు యాంటెన్నాలు చేసి అమ్మాను. "ఎటు నుంచి లాగకూడదు?" అని అడిగినవాడు ఒక్కడూ తగల్లేదు. ఆ ప్రశ్న కనీసం నేనైనా వేసుకుని ఉండాల్సింది.

ఇప్పుడు మీలో కొందరు కుర్రాళ్ళు ఇంటి మీద స్కానర్ రేడియోకి ఏ యాంటెన్నా పెట్టుకోవాలి, ఏది దూరం వింటుంది అని నన్ను అడుగుతున్నారు. రిటైరైనవాడు ఖాళీగానే ఉంటాడు కదా అనుకుని ఉంటారు, అదీ నిజమే. సలహా చెబుతాను. కాకపోతే దాని వెనకాల ఒక మనిషి ఉన్నాడు. ఆయన సంగతి విన్నాక, నా సలహా తీసుకోవాలో వద్దో మీరే చూసుకోండి.

మాది రాజమండ్రిలో అల్యూమినియం సామాన్ల కొట్టు. మా నాన్న గిన్నెని వేలితో మీటి, మోత విని, రేకు మందం చెప్పేవాడు. నేను వచ్చినవాడి మొహం చూసి వాడు ఏ మాట దగ్గర మెత్తబడతాడో చెప్పేవాణ్ణి. మాటలు రాకముందే బేరం వచ్చిందని మా అమ్మ నవ్వేది. కొట్టు అన్నయ్యలకి పోయింది, నాకు రేడియో మెకానిక్ కోర్సు మిగిలింది. ఎనభైల మొదట్లో హైదరాబాద్ వచ్చి యూసుఫ్‌గూడలో ఒక గది తీసుకుని, అల్యూమినియం పైపులు కోసి టీవీ యాంటెన్నాలు తయారుచేయడం మొదలుపెట్టాను. కొట్టు మారింది కానీ లోహం మారలేదు. బుద్ధి కూడా మారలేదు.

నాతో పనిచేసినవాళ్ళలో చెప్పుకోవాల్సింది మేస్త్రీ గురించి. గుంటూరు వైపు మనిషి, మోతీనగర్‌లో ఉండేవాడు. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చాకే పైపు ముట్టేవాడు. నలభై అడుగుల ఇనప పైపు నిలబెట్టి, స్టే వైర్లు మూడు వైపులా లాగి కట్టి, దాని మీదకి పాకే మనిషి. ఆయనకొక పద్ధతి ఉండేది. ఆఖరి బోల్టు బిగించే ముందు యాంటెన్నాని చుట్టూ ఒకసారి తిప్పేవాడు. కింద నిలబడ్డవాడు ఏ దిక్కు నుంచి ఏం వస్తోందో, ఏ దిక్కు నుంచి ఏమీ రావడం లేదో గట్టిగా చెప్పాలి. దానికి పావుగంట పట్టేది. నాకు ఒళ్ళు మండేది.

"చర్చికెళ్ళే మనిషివి, ఈ ప్రదక్షిణాలేంటి మేస్త్రీ?" అనేవాణ్ణి.

"గుడి చుట్టూ నువ్వు తిరుగుతావు. ఇక్కడ గుడే తిరుగుతుంది. మాట్లాడకుండా విను అబ్బాయ్," అనేవాడు పైనుంచి.

ఇక అసలు మనిషి. ఆయన జనరేటర్ వ్యాన్ ఆపరేటర్. అవుట్‌డోర్ షూటింగులకి లైట్లు వెలగాలంటే జనరేటర్ వ్యాన్ వెళ్ళాలి, దాన్ని నడిపే మనిషి ఉండాలి. ఈయన ఇక్కడివాడే, కృష్ణానగర్‌లో ఉండేవాడు. నేను వచ్చిన కొత్తలో ఫిల్మ్ నగర్‌లో ఏ గేటూ నాకు తెరుచుకోలేదు. యాంటెన్నా భుజాన వేసుకుని వాచ్‌మన్లతో బేరాలాడుతూ ఎండలో నిలబడేవాణ్ణి. ఒక స్టూడియో ఆఫీసులో టీవీ సరిగ్గా రావడం లేదని ఎవరో అంటుంటే విని, ఈయన నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. "మా సేటు ఉన్నడు సార్, అయిదు నిమిషాలల్ల బొమ్మ నిలబెడతడు" అన్నాడు. అంతకుముందు మా పరిచయమల్లా చాయ్ బండి దగ్గర రెండుసార్లు నిలబడడమే. ఆ మాటతో స్టూడియో ఆఫీసు, దాని నుంచి ఒక దర్శకుడి ఇల్లు, అక్కడి నుంచి జూబ్లీహిల్స్ బండల మీద కొత్తగా లేస్తున్న ఇళ్ళు ఒక్కొక్కటీ నా చేతికొచ్చాయి. కమిషన్ తీసుకోమంటే నవ్వాడు. "చాయ్ తాపియ్ సేటు, చాలు." ఆ చాయ్ కూడా సగంసార్లు ఆయనే తాగించాడు. కొట్టులో పుట్టినవాణ్ణి కదా, అది నాకు లాభంగా కనపడింది కానీ బాకీగా ఎప్పుడూ కనపడలేదు.

తొంభైల మొదట్లో ఒకరోజు ఈయనే వచ్చి, "మా ప్రొడ్యూసర్ సార్ రమ్మంటుండు. సింగపూర్ కెళ్ళి ఏందో డబ్బా తెప్పిచ్చుకుండట. నీ ముచ్చట చెప్పిన," అన్నాడు. ఆ డబ్బా దేనికో ఆయనకి తెలీదు.

నిర్మాతది కృష్ణా జిల్లా. జూబ్లీహిల్స్‌లో ఎత్తు మీద ఇల్లు. డాబా ఎక్కితే ఊరంతా కాళ్ళ కిందే ఉన్నట్టుండేది. బల్ల మీద నల్లటి పెట్టె, దానికి జానెడు కడ్డీ. అది స్కానర్. గాలిలో తిరిగే వైర్‌లెస్ మాటల్ని ఒక్కో చానలూ తడుముతూ, మాట దొరికిన చోట ఆగి వినిపించే రేడియో. దాన్ని ఇంట్లో ఉంచుకోవడానికి అనుమతి కావాలి. ఉందా అని నేను అడగలేదు. కొనేవాణ్ణి ఇబ్బంది పెట్టే ప్రశ్న కొట్టువాడు అడగడు.

"ఏవయ్యా, మా యూనిట్ అనంతగిరి గుట్టల్లో ఉంది. వాళ్ళ చేతుల్లో వాకీటాకీలున్నాయి. ఇక్కడ కూర్చుని వాళ్ళు మాట్లాడుకునేది నేను వినాలి. అవుతుందా?" అన్నాడు.

"ఎందుకు సార్?" అన్నాను, నోరు జారి.

"ఎందుకా? ఈ ఇల్లు తాకట్టు పెట్టి తీస్తున్నానయ్యా సినిమా. పది రోజుల షెడ్యూలు ఇరవైకి పోయింది. అడిగితే వాన అంటారు, మబ్బంటారు. అక్కడ ఏం జరుగుతోందో నాకు తెలియాలి. నేను వింటున్నట్టు వాళ్ళకి తెలియకూడదు. నీ నోట్లోంచి మాట బయటపడితే నువ్వు ఫిల్మ్ నగర్‌లో కనపడవు."

సరేనన్నాను. ఇక్కడ మీరడిగిన సలహా కాస్త చెబుతాను. దూరం వినాలంటే ముందు కావాల్సింది ఎత్తు. అది ఆయనకి కొండే ఇచ్చింది, మిగతాది మా పైపు ఇస్తుంది. తర్వాత కేబుల్. టీవీకి వాడే చపటా వైరు పనికిరాదు. లావుపాటి గుండ్రటి కేబుల్ కావాలి, అదీ ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. పైన పట్టింది దారిలోనే కారిపోతే పైన ఏం పెట్టి ఏం లాభం? బూస్టర్ పెడితే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, అది మాటతో పాటు రొదనీ పెంచుతుంది. చివరికి యాంటెన్నా. గొడుగు కడ్డీల్లా విచ్చుకుని ఉండేది నాలుగు దిక్కులా వింటుంది కానీ ఎక్కువ దూరం వినదు. చేపముల్లులా వరసగా కడ్డీలుండేది ఒకే దిక్కున చాలా దూరం వింటుంది. వాకీటాకీ కడ్డీ నిలువుగా ఉంటుంది కాబట్టి మన కడ్డీలూ నిలువుగా ఉండాలి, టీవీకిలాగా పడుకోబెట్టకూడదు. ఆయనకి కావాల్సింది ఒకే దిక్కు. చేపముల్లే సరైన ఎంపిక. అది ఇప్పటికీ అంటాను.

అయితే చేపముల్లుకి ఒక లోపం ఉంది. ముందు ఎంత వింటుందో అంత కాకపోయినా, నేరుగా వీపు వెనకాల నుంచి కూడా కొంత వింటుంది. అది ఆపడానికి వెనక ఒక కడ్డీ చాలదు. కడ్డీలన్నీ కలిపి తడికలాగా కట్టాలి. తడిక అంటే లోహం, పని, గాలికి ఆగే లావుపాటి పైపు.

బేరం మొదలైంది. ఆ నిర్మాత లాంటివాడితో బేరమాడడం నాకు పండగే. నేను కాగితం మీద గీసిన బొమ్మ చూసి, "ఇది యాంటెన్నానా, రొయ్యల వలా?" అన్నాడు.

"వల కాబట్టే పడుతుంది సార్. వెనక నుంచి ఈగ కూడా దూరదు. మీరు అనంతగిరి వైపు పెడితే అనంతగిరే. ఇంకో చోటి మాట ఒక్కటి వినపడితే నా కొట్టు మూసేస్తాను."

ఆ మాటకి ఆయన మెత్తబడ్డాడు. కానీ ధర మీద మెత్తబడలేదు. రెండు గంటలు లాగాడు, నేనూ లాగాను, చివరికి నా కూలి కరిగిపోయే చోట ఇద్దరం ఆగాం. నమస్కారం పెట్టి బయటికొస్తూనే ఆ కరిగింది ఎక్కడ రాబట్టాలో లెక్క వేసుకున్నాను. తడిక తీసేశాను. ఒక్క కడ్డీ పెట్టాను.

మేస్త్రీ సామాను చూసి, "వెనక తడిక ఏది అబ్బాయ్?" అన్నాడు.

"వెనకాల ఎవరున్నారు మేస్త్రీ వినడానికి? ఊరు దాటితే అటంతా బండలూ పొలాలూ."

"నువ్వు చూసొచ్చావా?"

"నువ్వు పైపు చూసుకో."

నిలబెట్టిన రోజు అంతా సవ్యంగా సాగింది. అనంతగిరి ఎటో దిక్సూచితో చూసి, మేస్త్రీ పైన యాంటెన్నాని అటు తిప్పాడు. కింద డాబా మీద స్కానర్ పట్టుకుని నిర్మాత, పక్కన నేను. కాసేపు హోరు. తర్వాత ఉన్నట్టుండి పక్క గదిలోంచి వచ్చినట్టు ఒక గొంతు: "టిఫిన్ బండి ఎక్కడ చచ్చిందిరా? డైరెక్టర్ గారు అరుస్తున్నారు!"

నిర్మాత చిన్నపిల్లాడిలా గెంతాడు. "మావాడే! మా అసిస్టెంటే! వాడి గొంతే!" అంటూ నా వీపు మీద చరిచాడు.

పైనుంచి మేస్త్రీ, "ఒక చుట్టు తిప్పుతున్నా, వినండి," అని కేకేశాడు.

"తిప్పొద్దయ్యా! పోతుంది!" అని నిర్మాత అరిచాడు.

మేస్త్రీ నా వైపు చూశాడు. "బిగించెయ్ మేస్త్రీ," అన్నాను.

ఆ పావుగంట మిగుల్చుకున్నాను.

ఆ తర్వాత నిర్మాత ఆ పెట్టె ముందు నుంచి కదల్లేదట. పగలంతా వింటూ, కాగితాల మీద రాసుకుంటూ, సాయంత్రం యూనిట్ దిగిన లాడ్జికి ట్రంకు కాల్ చేసి, "పదకొండు దాకా ఒక్క షాటూ పడలేదంట!", "హీరో వ్యాన్‌లో నిద్రపోతుంటే లేపే మగాడు లేడా?" అని దులిపేవాడు. యూనిట్ వణికిపోయింది. తమలోనే ఎవడో మాటలు మోస్తున్నాడని ఒకళ్ళనొకళ్ళు అనుమానించుకోవడం మొదలుపెట్టారు. కలిసి తినడం మానేశారు.

ఒక ఆదివారం షూటింగ్ సెలవుకి అనంతగిరి నుంచి వచ్చినప్పుడు జనరేటర్ అన్న నా కొట్టుకొచ్చి స్టూల్ మీద కూలబడ్డాడు.

"ఏంది సేటు గిది? గాడ చీమ కదిల్తె గీడ సార్‌కు తెలుస్తుంది. అందరు నన్నే చూస్తుండ్రు. సార్ ఇంటికి వచ్చిపోయేది నేనొక్కన్నే గదా. మోస్తున్నది నేనే అనుకుంటుండ్రు."

నేను పైపు కోస్తూనే ఉన్నాను. చెబితే ఆయన అక్కడ ఒక్క మాట అనేవాడు, అందరి అనుమానమూ తీరేది. నా నోటికి నిర్మాత వేసిన తాళం గుర్తొచ్చింది.

"ఫోన్లు చేసేవాళ్ళు ఎవరో ఉంటారులే అన్నా," అన్నాను.

"గంతే అంటవా?" అన్నాడు. చాయ్ తెప్పించాను. తాగి వెళ్ళాడు.

పది రోజులకి నిర్మాత నుంచి కబురొచ్చింది, వెంటనే రమ్మని. వెళ్ళేసరికి వరండాలో నిర్మాత కుర్చీలో ఉన్నాడు. ప్రొడక్షన్ మేనేజర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మెట్ల కింద, చెప్పులు విడిచి, జనరేటర్ అన్న. లొకేషన్ నుంచి బస్సులో రప్పించారట.

నన్ను చూసి నిర్మాత లేచి లోపలికి తీసుకెళ్ళాడు. ముందు వేరే మాట చెప్పాడు. "మా కాలనీలో ఇళ్ళన్నిటికీ డిష్ పెట్టించాలని కమిటీలో అనుకుంటున్నాం. పెద్ద పని. నీ పేరు చెప్పాను," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిన్న మధ్యాహ్నం నా చెవులారా విన్నాను. 'జనరేటర్, రెండు డబ్బాలు దించి రాయి వెనకాల పెట్టు, సాయంత్రం టెంపో వస్తుంది, మేనేజర్ని నేను చూసుకుంటా' అని ఒకడు. 'సరే సరే' అని వీడు. నా డీజిలయ్యా! ఇక దాచేదేమీ లేదు, అందరి ముందూ తేల్చేస్తా. నువ్వు యంత్రం సంగతి చెబితే చాలు."

బయటికొచ్చాం. నిర్మాత తను విన్నది మొత్తం చెప్పాడు. యాంటెన్నా సంగతి కూడా చెప్పాడు. జనరేటర్ అన్న మెల్లగా తలెత్తి డాబా మీద పైపు వైపు చూశాడు. తర్వాత నా వైపు. ఆ ఆదివారం నేను పైపు కోస్తూ ఏం దాచానో అప్పుడాయనకి అర్థమైంది.

"సార్, నిన్న పగటీలి మా తాన వాన దంచింది. షూటింగే బంద్. జనరేటర్ మీద టార్పాలిన్ కప్పి కూసున్న. వాకీటాకీ సెట్లన్ని డబ్బాల పెట్టిండ్రు. నేను ఎవ్వనితోటి మాట్లాడుత సార్?"

నిర్మాత మేనేజర్ని చూశాడు. "వాన నిజమేనండి," అని మేనేజర్ నసిగాడు. "కాకపోతే ఒక సెట్టు ఎప్పుడూ జనరేటర్ వ్యాన్‌లోనే ఉంటుందండి." అదీ నిజమే. మేనేజర్ తన మెడకి చుట్టుకోకుండా చూసుకున్నాడు, నేను తప్పుపట్టను.

వాన అన్న మాట దగ్గరే నేను లెక్క కట్టాను. అనంతగిరిలో సెట్లన్నీ మూసేసిన సమయం. ముందు దిక్కున నిశ్శబ్దం. ముందు మాట ఉన్నంతసేపూ వెనక మాట దాని కింద అణిగిపోతుంది. ముందు ఆగితే వెనకది పైకొస్తుంది. నాకు ఆ క్షణాన తెలిసింది, ఆ గొంతులు వీపు వెనకాల ఎక్కడి నుంచో వచ్చాయని. ఏ ఊరో తెలీదు, ఎవరో తెలీదు. కానీ ప్రతి యూనిట్‌లోనూ ఒక జనరేటర్ ఉంటుంది, దాన్ని నడిపేవాణ్ణి అందరూ 'జనరేటర్' అనే పిలుస్తారు.

"ఏవయ్యా, వేరే చోటి మాట నీ యాంటెన్నాలో పడే అవకాశం ఉందా?" అన్నాడు నిర్మాత.

జనరేటర్ అన్న మెట్టెక్కి నా దగ్గరికొచ్చాడు. "సేటు, జర సోంచాయించి చెప్పు. నా నౌకరీ ముచ్చట. గా యంత్రం తప్పు వినదా?"

తర్వాత మనసులో ఆ మెట్ల మీద ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్కలేదు. అవునండీ, వెనక తడిక పెట్టలేదు, పైకెళ్ళి ఒకసారి తిప్పి చూద్దాం అంటే సరిపోయేది. పావుగంట పని. కానీ ఆ మాటతో నా కొట్టు మూసేస్తానన్న పంతం, బొమ్మలో గీసి సామానులో ఎగ్గొట్టిన తడిక, కాలనీ డిష్‌లు, అన్నీ ఒకేసారి బయటపడతాయి. కొట్టువాడి మెదడు అలాంటప్పుడు చాలా వేగంగా పనిచేస్తుంది.

"వినదండి," అన్నాను. ఆయన వైపు కాదు, నిర్మాత వైపు చూసి. "నేను పెట్టినది ముందు చూపే. వెనకాల నుంచి ఏమీ రాదు."

జనరేటర్ అన్న మెట్లు దిగాడు. చెప్పులు వేసుకున్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ అలవాటు కొద్దీ లేచి సలాం చేశాడు, ఈయనా చేశాడు.

ఉద్యోగం ఆ రోజే పోయింది. సినిమా ఫీల్డ్‌లో మనిషిని తీసేశారన్న మాట కన్నా, ఎందుకు తీసేశారన్న మాట ముందు చేరుతుంది. డీజిల్ అమ్ముకున్నాడన్నారు, చాలు. వారం తిరిగేసరికి ఏ యూనిట్ వ్యానూ ఆయన చేతికి రాకుండా పోయింది.

కొత్త ఆపరేటర్‌ని వెంటబెట్టుకుని నిర్మాత లొకేషన్‌కి వెళ్ళిన రోజు చూసి, స్టే వైర్లు బిగించాలని ఇంట్లోవాళ్ళకి చెప్పి, స్కానర్ పట్టుకుని నేనూ మేస్త్రీ డాబా ఎక్కాం. జరిగింది ఆయనకి చెప్పాను. నా వైపు చూడకుండానే పైకి పాకాడు. బోల్టు సడలించి మెల్లగా తిప్పాడు. పడమర నుంచి ఉత్తరానికి, హోరు తప్ప ఏమీ లేదు. ఉత్తరం నుంచి తూర్పుకి వస్తుంటే, అనంతగిరికి సరిగ్గా ఎదురు దిక్కున, స్కానర్ పలికింది: "జనరేటర్, జనరేటర్, కోట మెట్ల దాకా కేబుల్ లాగు. హీరోయిన్ గారు పైకెక్కుతున్నారు." పూర్ణకుంభంతో స్వాగతం చెప్పినంత స్పష్టంగా వచ్చింది.

తూర్పున కోట మెట్లంటే భువనగిరి కోటే. ఇంకో కంపెనీ, ఇంకో సినిమా. తర్వాత వాకీటాకీలు అద్దెకిచ్చే ఆయన్ని అడిగితే తేలిగ్గా చెప్పాడు: "అన్ని సెట్లదీ ఒకటే చానలండీ. ఒకళ్ళు అటు, ఒకళ్ళు ఇటు. వాళ్ళకి వాళ్ళు వినపడరుగా, ఎవరికి నష్టం?" నిజమే. రెండు గుట్టలకీ మధ్యలో జూబ్లీహిల్స్ ఎత్తు మీద నలభై అడుగుల పైపెక్కి కూర్చున్న మాకు తప్ప ఎవరికీ రెండూ వినపడవు.

మేస్త్రీ కిందకి దిగాడు. "సాయంత్రం ఆయన రాగానే చెప్పు."

"చెబుతా. మంచి సమయం చూసి."

"మంచి సమయం అంటే?"

"కాలనీ పని మొదలయ్యాక."

ఆయన చేతులు తుడుచుకుని, "అయితే ఇప్పుడేం చేద్దామని తీసుకొచ్చావు నన్ను?" అన్నాడు. నేను సంచిలోంచి కడ్డీలు తీశాను. తడిక. ఇంట్లో కట్టి తెచ్చాను.

కడ్డీలని పక్కకి నెట్టాడు. "ఇది బిగిస్తే ఆ మనిషి నోరు కట్టేసినట్టే. ఇంక నీ అబద్ధం నిజమైపోతుంది. నేనెక్కను అబ్బాయ్."

నిజంగానే ఎక్కలేదు. సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ నా పనికి రాలేదు. అన్నేళ్ళలో పైపు ఎక్కడం నాకు అదే మొదటిసారి. కిందికి చూడకుండా, యాంటెన్నాని మళ్ళీ అనంతగిరి వైపు తిప్పి, ఒప్పుకున్న తడిక ఆలస్యంగా బిగించాను. వెనక నుంచి మాట ఆగిపోయింది. అంత శుభ్రంగా చేసిన పని నా జీవితంలో ఇంకోటి లేదు. ఆ వారమే నిర్మాత మెచ్చుకున్నాడు, "ఇప్పుడు ఇంకా తేటగా ఉందయ్యా, అడక్కుండానే సర్వీసు చేశావట!" అని.

కాలనీ డిష్‌లు పెట్టాను. దాంతో నా సంసారం నిలబడింది. అబద్ధం చెప్పను, ఆ రోజుల్లో బాగానే నిద్రపట్టింది.

సినిమా వచ్చింది, పోయింది. రెండేళ్ళ తర్వాత ధైర్యం చేసి నిర్మాతకి చెప్పాను. ఆయన అప్పటికి ఆ ఇల్లు ఖాళీ చేసే పనిలో ఉన్నాడు. సామాన్ల మధ్య కూర్చుని ఓపిగ్గా విన్నాడు.

"ఏదీ, చూపించు," అన్నాడు.

ఏం చూపించను? వెనక తడిక ఉంది. భువనగిరి యూనిట్ సర్దుకుని ఎప్పుడో వెళ్ళిపోయింది.

"ఆ రోజు వినదన్నావు, ఇవాళ వింటుందంటున్నావు. ఏ రోజు మాట కొనమంటావయ్యా?" అని పక్క పెట్టె సర్దుకోవడానికి లేచాడు.

జనరేటర్ అన్నని వెతుక్కుంటూ బోరబండ వెళ్ళాను. పెళ్ళి ఊరేగింపులకి లైట్ల బళ్ళు అద్దెకిచ్చే షెడ్డులో, చిన్న జనరేటర్ ముందు గొంతుక్కూర్చుని కార్బన్ గోకుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకోలేదు, పని ఆపలేదు. అంతా చెప్పాను. కోట, చానలు, తడిక.

"గా దినం మెట్ల మీద, నేను అడిగినప్పుడు, నీకు ఎర్కేనా?" అన్నాడు.

"ఊరు తెలీదు అన్నా. వెనక నుంచి వచ్చిందని తెలుసు."

"మంచిది. యూనియన్ ఆఫీసుకు పోదాం నడువు. అందరి ముంగట గిదే చెప్పు. నాకు ఎర్కే ఉండి చెప్పలేదు అని చెప్పు."

అప్పుడు నేనేం చేశానో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. బేరమాడాను.

"యాంటెన్నా తప్పు విందని చెబుతా అన్నా. యంత్రం పొరపాటని రాసిస్తా కూడా. నీ పేరు శుభ్రమైపోతుంది. నాకు తెలుసన్నది ఎందుకు మధ్యలో? ఆ మాటంటే నాకు ఫిల్మ్ నగర్‌లో గేట్లన్నీ మూసుకుపోతాయి."

గోకుతున్న చెయ్యి ఆగింది. "యంత్రం పొరపాటంటే ఎవడు నమ్ముతడు సేటు? దోస్తు కోసం చెప్తుండంటరు. 'నాకు నష్టమైనా సరే, నేను ఎర్కుండి దాచిన' అని నువ్వంటేనే నమ్ముతరు. గది చెప్పు."

ఆయన అన్నది నూటికి నూరు పాళ్ళు సరైన మాట. కొట్టులో పుట్టిన నాకే తట్టాల్సిన మాట. తనకి నష్టమని తెలిసీ చెప్పేవాడి మాటకే విలువ. నేను ఇంకో మెట్టు దిగాను: సెక్రటరీకి ఒక్కడికే, తలుపు వేసుకుని చెబుతానన్నాను. ఇంకా దిగాను: ఈ సంవత్సరం చేతిలో ఉన్న డిష్‌ల కాంట్రాక్టు అయిపోనివ్వమన్నాను.

ఆయన ఎక్కడా దిగలేదు. కాసేపు విని, జనరేటర్ మూత బిగించి, తాడు లాగి స్టార్ట్ చేశాడు. ఆ మోతలో నా పెదాలు కదలడం ఆయనకి కనపడుతూనే ఉంది, ఏం అంటున్నానో వినపడలేదు. వినాలనీ చూడలేదు. కాసేపటికి నేనే లేచి వచ్చేశాను.

మళ్ళీ ఆయన సినిమా వ్యాన్ ఎక్కలేదు. నాలుగేళ్ళ కిందట పోయాడని విన్నాను, నెల ఆలస్యంగా.

కాబట్టి కుర్రాళ్ళూ, ఎత్తు, కేబుల్, చేపముల్లు, వెనక తడిక. బిగించే ముందు చుట్టూ ఒకసారి తిప్పండి, పావుగంట పోతే పోనివ్వండి. మీ యాంటెన్నా ఎక్కడెక్కడిది వింటుందో కొన్నవాడికి ముందే చెప్పండి. నాకు తెలిసిన విద్య అంతే.

ఇక ఆ మెట్ల మీద అనాల్సిన మాట. నాకు తెలుసు. తెలిసే వినదన్నాను. ఆయన డీజిల్ అమ్మలేదు. ఇది అచ్చులో రావడానికి ఒప్పుకున్నాను, కానీ రాసి పంపేముందు పేర్లన్నీ తీసేశాను. నిర్మాత పేరు తీశాను, జనరేటర్ అన్న పేరు తీశాను, నా పేరు కూడా తీశాను. నాకు నష్టం లేకుండా చెప్పిన నిజం; షెడ్డులో ఆయన వద్దన్న ధర సరిగ్గా ఇదే.